తిరుపతిలో వారసత్వ పరిరక్షణ కోర్సు: బాధ్యత తీసుకోబోయే సమన్వయకర్తకు

వారసత్వ కట్టడాల పరిరక్షణలో రెండేళ్ల ఎం.ఏ. కోర్సును నడిపే బాధ్యత అప్పగించగానే ఎవరైనా ముందు పాఠ్యప్రణాళికను చేతిలోకి తీసుకుంటారు. పేపర్లు ఎన్ని, క్రెడిట్లు ఎన్ని, ఏ పేపరు ఎవరు చెబుతారు అని లెక్క వేసుకుంటారు. ఆ పనిని ఒక నెల పక్కన పెట్టి ముందుగా ఒక కట్టడాన్ని వెతకమని నా మొదటి సలహా. కోర్సులో చేరే విద్యార్థుల బృందం నాలుగు సెమిస్టర్లూ ఆ ఒక్క కట్టడం చుట్టూనే తిరగాలి. దాన్ని కొలవాలి, గీయాలి, దాని మీది రాతలు చదవాలి, అది ఎందుకు పాడవుతోందో తేల్చాలి, దానికి ఏ మరమ్మతు తగునో, ఏది తగదో రాసి పెట్టాలి. పాఠ్యప్రణాళిక ఆ కట్టడం నుంచి పుట్టాలి.

మన చుట్టుపక్కల ప్రసిద్ధమైన కట్టడాలకు లోటు లేదు. చంద్రగిరి కోటలో రాజమహలు, రాణిమహలు ఉన్నాయి. గుడిమల్లంలో పరశురామేశ్వరాలయం, తిరుచానూరు దాపున యోగిమల్లవరం, శ్రీనివాసమంగాపురం, కాస్త దూరంలో శ్రీకాళహస్తి ఉన్నాయి. వీటికి విద్యార్థులను తప్పకుండా తీసుకెళ్లాలి. అయితే రెండేళ్ల పనికి ఎంచుకోవలసినవి ఇవి కావు. వీటిలో చాలావాటిని కేంద్ర పురావస్తు శాఖ గాని, పెద్ద దేవస్థానాలు గాని చూసుకుంటున్నాయి. ఏ పట్టికలోనూ లేని పల్లె శివాలయం, కొండకు నడిచి వెళ్లే పాత బాటల పక్కన మిగిలిపోయిన మండపం, రాతి తూము ఉన్న పాత చెరువు, చవుడు కప్పిన మట్టి మిద్దె, ఇవి మాత్రం ఏటా కనుమరుగవుతున్నాయి. ఊరికి బస్సు సౌకర్యం ఉండాలి, గంట ప్రయాణం దాటకూడదు, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఆ మనిషి సహృదయుడై ఉండాలి. ఈ మూడింటిలో చివరిదే ముఖ్యమైనదని అనుభవం మీద తెలుస్తుంది.

మా మొదటి బ్యాచ్‌ను స్వర్ణముఖి తీరంలోని ఒక పల్లె శివాలయానికి తీసుకువెళ్లాము. గర్భగుడి అధిష్ఠానం (గోడల కింది రాతి పీఠం) చుట్టూ, కుముదం అనే ఉబ్బెత్తు పట్టె మీద మూడు వైపులా తమిళ లిపిలో శాసనం ఉంది. ఆ రోజు ఫొటోలు తీసుకున్నాము. శాసన నకలు (కాగితం మీద సిరాతో అచ్చు) తీయడం, కొలతలు తీయడం తరువాతి సెమిస్టరులో పెట్టుకున్నాము. ఏడు నెలల తరువాత వెళ్లేసరికి అధిష్ఠానం మొత్తానికి నున్నటి గ్రానైటు పలకలు అతికించి ఉన్నాయి. ఊరివాళ్లు చందాలు వేసుకుని, కూలిపనులు మానుకుని, భక్తితో చేసిన పని అది. అక్కడ ఉన్న పెద్దాయన నాతో అన్న మాట ఇప్పటికీ మరుపు రాదు: "ఆ రాతలు చదివించాలని మా నాయన శానా తిరిగినాడు సార్, చదివేవాళ్లు దొరకలేదు. మీరు వచ్చిన పొద్దే చదివి చెప్పింటే మేము మూసేవాళ్లమా?" మేము తీసిన ఫొటోలు ఎండ ఎదురుగా తీసినవి కావడంతో వాటిలో సగం అక్షరాలు కూడా కనిపించలేదు. ఆ శాసనంలో ఏ రాజు పేరు ఉందో, ఏ చెరువు కింద ఎంత మాన్యం రాసి ఉందో ఇక తెలుసుకునే దారి లేదు. ఆనాటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాము. ఏ కట్టడానికి వెళ్లినా మొదటి రోజు పొద్దు గుంకేలోపు కనీసపు కొలతలు, పక్కవాటు (పక్క నుంచి వాలుగా పడే) వెలుతురులో తీసిన ఫొటోలు, ఊరివాళ్లు అనుమతిస్తే శాసన నకలు పూర్తి కావాలి. మీరు ఈ కోర్సుకు ఒకే ఒక నియమం పెట్టగలిగితే దీన్నే పెట్టండి.

పేపర్ల కూర్పు

1964లో వెనిస్ నగరంలో కట్టడాల పరిరక్షణ సూత్రాలను ఒక ప్రకటనగా కూర్చారు. అదే ఏడాది న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ మార్‌స్టన్ ఫిచ్ ఈ విషయంలో విశ్వవిద్యాలయ స్థాయి చదువుకు శ్రీకారం చుట్టారు. అక్కడ ఈ చదువు వాస్తుశిల్ప కళాశాలల్లో పుట్టి పెరిగింది. మన దేశంలో కూడా ఢిల్లీ, భోపాల్, అహ్మదాబాదు వంటి చోట్ల ఇది ఆర్కిటెక్చర్ విద్యాసంస్థల్లోనే ఎదిగింది. తిరుపతి వంటి చోట మాత్రం ఇది సాధారణంగా ప్రాచీన చరిత్ర, పురావస్తు విభాగాల ఒడిలో మొదలవుతుంది. దీనివల్ల ఒక బలం, ఒక బలహీనత వస్తాయి. మన విద్యార్థులకు రాజవంశాలు, శిల్పరీతులు బాగా తెలుస్తాయి. గోడ ఎందుకు పగిలిందో తెలియదు. కాబట్టి మొదటి సెమిస్టరులో చరిత్ర పేపర్లను తగ్గించి, కొలిచి గీయడం, కట్టుబడి సామగ్రి, లిపి పరిచయం అనే మూడింటికి చోటు చేయండి. పాఠ్యప్రణాళికను ఆమోదించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశంలో దీనికి అభ్యంతరం వస్తుంది. అప్పుడు చరిత్రను తీసివేయడం లేదని, ఎంచుకున్న కట్టడం మీదుగా చెబుతున్నామని వివరించండి.

కొలిచి గీయడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ముప్పై మీటర్ల టేపు, దారానికి కట్టిన గుండు, మేస్త్రీలు మట్టం చూసే నీటి ట్యూబు, గళ్ల కాగితం, పెన్సిలు చాలు. ముందు నీటి ట్యూబుతో కట్టడం చుట్టూ ఒకే మట్టంలో సుద్ద గుర్తులు పెట్టించి, పైకీ కిందికీ కొలతలన్నీ ఆ గీత నుంచే తీయించండి. నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి నేల నుంచి తీసిన కొలతలు పనికిరావు. మండపాన్ని కొలిచేటప్పుడు మూల నుంచి ఎదురు మూలకు రెండు కర్ణాలూ కొలవాలి. అవి సమానంగా లేకపోతే మండపం మూలలు సరిగ్గా లంబకోణంలో లేవని, కట్టినప్పటి తేడాయో పునాది జరిగిన తేడాయో విచారించాలని అర్థం. నక్షా 1:50 స్కేలులో, శిల్పభాగాలు 1:20 స్కేలులో గీయించండి. లేజర్ స్కానరు, డ్రోను రెండో ఏడాదిలో పరిచయం చేయవచ్చు. చేత్తో కొలవని విద్యార్థి చేతికి స్కానరు ఇస్తే లక్షల చుక్కలు వస్తాయి, వాటిలో ఏది అధిష్ఠానమో ఏది స్తంభాల మీది ప్రస్తరమో ఆ విద్యార్థికి తెలియదు.

లిపి విషయంలో మొహమాటం వద్దు. తిరుమల, తిరుపతి ఆలయ శాసనాలు వెయ్యికి పైబడి ఉన్నాయి. సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి వంటి పండితుల శ్రమతో 1930లలో దేవస్థానం వాటిని సంపుటాలుగా వెలువరించింది. వాటిలో అత్యధిక భాగం తమిళంలో ఉన్నాయి. గుడిమల్లంలో పల్లవ, బాణ, చోళ కాలాల శాసనాలు కూడా తమిళమే. తెలుగు ఒక్కటే చదవగలిగిన విద్యార్థి తన ఊరి గోడనే చదవలేడు. అందుచేత మొదటి సెమిస్టరు నుంచే వారానికి రెండు గంటలు తమిళ లిపి, తమిళ ప్రాంతంలో సంస్కృతం రాయడానికి వాడిన గ్రంథ లిపి చెప్పించండి. చిత్తూరు జిల్లా పల్లెల నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి తమిళం చెవికి అలవాటే కాబట్టి లిపి పట్టుబడితే వాళ్లు త్వరగా ముందుకు పోతారు. ఈ శాసనాలు చదవడం మొదలుపెట్టాక వాళ్లకు ఒక కొత్త విషయం తెలుస్తుంది. భక్తులు దేవుడికి సమర్పించిన సొమ్మును ఆలయం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు బాగుచేయడానికి వెచ్చించి, అదనంగా పండిన పంటతో ఆ భక్తుల పేరిట నైవేద్యాలు జరిపించేది. ఈ సంగతి తెలిసిన విద్యార్థి చెరువు తూమును కూడా గుడితో సమానంగా చూస్తాడు, రెంటికీ ఒకే రికార్డు రాస్తాడు.

శాసన నకలు తీయడం చేతిపని. దాన్ని తరగతి గదిలో చెప్పడం కుదరదు. రాతిని మెత్తని కుంచెతో నీళ్లు పోసి కడగాలి, తడి కాగితాన్ని ముడతలు లేకుండా పరచాలి, గట్టి బ్రష్షుతో కొడుతూ కాగితం అక్షరాల గుంటల్లోకి దిగేలా చేయాలి, తడి కొంత ఆరిన తరువాత సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన తట్టాలి. ఎత్తుగా ఉన్న రాతి మీది కాగితం నల్లబడుతుంది, అక్షరాలు తెల్లగా నిలుస్తాయి. సిరా రాతికి అంటితే ఆ మచ్చ అక్కడే ఉండిపోతుంది కాబట్టి, చెక్కుడు లేని మామూలు బండ మీద కనీసం పదిసార్లు సాధన చేయనిదే ఎవరినీ అసలు శాసనం దగ్గరకు రానివ్వకండి. ఒరుసుకుపోయే రాతి మీద ఆ పని అసలు చేయించకండి; అక్కడ పక్కవాటు వెలుతురులో ఫొటోలే మేలు. సంరక్షిత కట్టడమైతే ముందుగా సంబంధిత శాఖ నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి.

సున్నం

ఈ కోర్సులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, ఎక్కువ సమయం ఇవ్వమని గట్టిగా చెప్పదలచిన భాగం ఇది. మన పాత గోపురాల ఇటుక అంతస్తులు, మండపాల పైకప్పుల గచ్చు, కోట గోడల పూత అన్నీ సున్నంతో చేసినవే. చంద్రగిరి రాజమహలును కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో మూడంతస్తులుగా నిలబెట్టారు. ఈ కట్టడాలకు నేడు జరుగుతున్న హానిలో పెద్ద వాటా సిమెంటుది. పాత ఇటుక గోడ తడిని పీల్చుకుంటుంది, మళ్లీ వదులుతుంది. సున్నపు పూత ఆ తడిని బయటికి పోనిస్తుంది. గట్టి సిమెంటు పూత పోనివ్వదు. లోపల చిక్కుకున్న తడి ఇటుక గుండానే దారి వెతుక్కుంటుంది, దానితో వచ్చిన లవణాలు ఇటుక లోపల స్ఫటికాలుగా పేరుకుంటాయి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పై సిమెంటు పూత చూడడానికి చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు.

ఇది పుస్తకంలో చదివితే పరీక్షకు గుర్తుంటుంది, చేత్తో చేస్తే జీవితాంతం గుర్తుంటుంది. విభాగం ఆవరణలో ఒక మూలన సున్నం గుంత తవ్వించుకోండి. కాల్చిన సున్నపురాళ్లను నీళ్లలో వేసినప్పుడు గుంత కుతకుతలాడుతుంది, ఆవిరి లేస్తుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకూడదు, పక్కన మంచినీళ్ల బకెట్లు సిద్ధంగా ఉండాలి. నీళ్లే సున్నంలో పోయకుండా సున్నాన్నే నీళ్లలో కొద్దికొద్దిగా వేయడం క్షేమం. ఆ సున్నం నీటి కింద కనీసం కొన్ని వారాలు మురగాలి. నెలలు మురిగితే ఇంకా మంచిది. మొదటి సెమిస్టరు మొదటి వారంలో గుంత నింపితే ఆఖరి వారానికి వెన్నలా జారే సున్నం చేతికి వస్తుంది. దానికి మూడు పాళ్లు ఇసుక చేర్చి మొదలుపెట్టి, ఇటుక పొడి కలిపినది, కలపనిది, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసినది, పోయనిది అంటూ వేర్వేరు పలకలు చేయించి, తేదీ రాసి, ఎండకూ వానకూ వదిలిపెట్టండి. ఒక్కో బ్యాచ్ పలకలు పక్కపక్కన పేర్చుకుంటూ పోతే కొన్నేళ్లలో మీ మన్నుకు, మీ ఇసుకకు, మీ ఎండకు తగిన పాళ్లు మీకే తెలుస్తాయి. ఆ గోడే మీ ప్రయోగశాల.

ఇక్కడ ఒక మాట ప్రసంగవశాన చెప్పాలి. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెడతారు; ఇనుపముక్కలను బెల్లపు నీళ్లలో పులియబెట్టి నల్లరంగు తీస్తారు. గోడకు పనిచేసే కరక్కాయ, బెల్లమే బట్టకూ పనిచేస్తున్నాయి. కాబట్టి సున్నం నేర్చుకునే వారంలోనే విద్యార్థులను కలంకారీ చేసేవారి ఇంటికి కూడా తీసుకువెళ్తే, సామగ్రి గురించి మన పెద్దలకు ఉన్న జ్ఞానం ఒక వృత్తి గోడల మధ్య ఆగేది కాదని వాళ్లకు కళ్లారా తెలుస్తుంది.

పాత గచ్చులో ఏముందో తెలుసుకోవడానికి రసాయనశాస్త్ర విభాగం సహాయం అడగండి. రాలి పడిన ముక్కనే తీసుకోవాలి, గోడ నుంచి పెకలించకూడదు. దాన్ని పొడిచేసి, తూచి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం నురగలుగా పొంగి కరిగిపోతుంది, ఇసుక మిగులుతుంది. ఆ ఇసుకను కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూచితే పాళ్లు ఉజ్జాయింపుగా తెలుస్తాయి. దాని రంగును, రేణువుల సైజును చూసి అది ఏటి ఇసుకా, కొండవాగు ఇసుకా అన్నది పోల్చుకోవచ్చు.

ఎవరు చెప్పాలి

సున్నం పని తెలిసిన పాత మేస్త్రీలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. వాళ్లలో ఒకరిని ఒప్పించి తీసుకురావడం సమన్వయకర్తగా మీరు చేసే పనుల్లో అతి విలువైనది. డిగ్రీ లేదన్న కారణంతో కార్యాలయం అడ్డు చెప్పవచ్చు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ నియామకాలకు మార్గదర్శకాలు ఇచ్చింది; తమ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉండి, ప్రావీణ్యం నిరూపించుకున్నవారికి విద్యార్హత పట్టాలు తప్పనిసరి కాదని, మంజూరైన పోస్టుల్లో 10 శాతం మించకుండా ఇలా తీసుకోవచ్చని అందులో ఉంది. పేరున్న స్థపతిని (ఆలయ శిల్పాచార్యుణ్ణి) ఆ మార్గంలో తెచ్చుకోవడానికి ప్రయత్నించండి. మేస్త్రీకి అది కుదరకపోతే గౌరవ వేతనం మీద పిలిపించండి, కానీ ఏ దారిలో వచ్చినా సున్నం ప్రాక్టికల్ మార్కులు ఆయన చేతే వేయించండి. మార్కులు వేసే అధికారం లేని గురువును మన విద్యార్థులు కూలిమనిషిగా చూసే ప్రమాదం ఉంది. ఆయన పక్కన కూర్చుని, ఆయన చెప్పిన మాటలను ఆయన మాటల్లోనే రాసిపెట్టే పనిని ఒక విద్యార్థికి ప్రత్యేకంగా అప్పగించండి.

తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో సంప్రదాయ శిల్ప విద్యాసంస్థను నడుపుతోంది. రాతి, సుధ (సున్నపు గార), లోహ, కొయ్య శిల్పాలు నేర్పే అటువంటి సంస్థ ఊళ్లోనే ఉండడం ఏ ఇతర విశ్వవిద్యాలయానికీ సులభంగా దొరకని భాగ్యం. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో, ఆలయ నిర్మాణ, పూజా విధులను తెలిపే ఆగమ శాస్త్రం చెప్పేవారు ఉన్నారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్ర గ్రంథాలు ఉన్నాయి. వీరందరితో అవగాహన ఒప్పందాలు రాసుకోండి. అయితే ఒప్పందపు కాగితం ఒక్కటే పని చేయదు. ప్రతి సెమిస్టరులో కనీసం ఒక పూట వాళ్ల విద్యార్థులు, మీ విద్యార్థులు ఒకే రాతి దగ్గర కూర్చోవాలి.

జీర్ణోద్ధరణ, పరిరక్షణ

తిరుపతిలో ఈ కోర్సును నడిపేవారికి తప్పించుకోలేని ప్రశ్న ఒకటుంది. పురావస్తు శాఖ దృష్టిలో పాత రాయిని కదిలించకపోవడమే ధర్మం. ఆగమం దృష్టిలో శిథిలమైన దాన్ని బాగుచేసి, దైవానికి యోగ్యంగా ఉంచడం ధర్మం. తిరుమలలో పన్నెండేళ్లకొకసారి బాలాలయం (తాత్కాలిక ఆలయం) ఏర్పరచి, విగ్రహాన్ని పీఠానికి బిగించే లేపనాన్ని కొత్తగా వేసి శుద్ధి చేసే అష్టబంధన మహాసంప్రోక్షణ జరుపుతారు. 2018 ఆగస్టులో అలా జరిగింది. తిరుమలలో వైఖానస ఆగమం, తిరుచానూరులో పాంచరాత్ర ఆగమం అనుసరిస్తారు; శివాలయాలకు వేరే ఆగమాలు ఉన్నాయి. నిత్యపూజ జరిగే గుడిని మ్యూజియంలోని వస్తువుగా చూసే విద్యార్థికి అర్చకులు తలుపు తీయరు. తీయనవసరం లేదు కూడా. అలాగని జీర్ణోద్ధరణ పేరుతో శాసనాలున్న రాళ్లను తొలగించడం, రాతి శిల్పాలను ఇసుక చిమ్మే యంత్రంతో గీకడం, గోడలకు రంగులు పూయడం ఆగమం చెప్పిన పనులు కావు.

ఈ రెండు దృష్టులనూ తరగతిలో నిజాయితీగా ఎదురెదురుగా పెట్టండి. జపాన్‌లోని ఇసే మందిరాన్ని ఇరవై ఏళ్లకొకసారి కొత్తగా కడతారు, చివరిసారి 2013లో కట్టారు. అక్కడ కొయ్య పాతది కానక్కరలేదు, కట్టే విద్య పాతది కావాలి. 1994లో ఆ దేశపు నారా నగరంలో వెలువడిన ప్రకటన, ప్రామాణికత అంటే ఏమిటో ఆ సంస్కృతిలోనే వెతకాలని చెప్పింది. మన ఊరి ఉదాహరణలు ఇంకా దగ్గరివి. తిరుమల వేయికాళ్ల మండపాన్ని 2003లో తొలగించారు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. దాని స్థానంలో కట్టిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. ఈ రెండింటినీ తప్పెవరిదన్న వాదనగా కాకుండా, ఆ రోజుకు మన చేతిలో ఏ రికార్డు ఉండవలసింది, ఏ సంకేతాలను ముందుగా కొలిచి ఉండవలసింది అన్న ప్రశ్నగా చర్చించండి. రాజగోపురానికి కూలకముందే పగుళ్లు కనిపించాయి. పగులు పెరుగుతోందా లేదా తెలుసుకోవడానికి దానికి అడ్డంగా ఒక సన్నని గాజు పలకను రెండు వైపులా అతికించి, తేదీ రాసి, క్రమం తప్పకుండా చూడాలి. గాజు విరిగితే గోడ కదులుతున్నట్టు. కొద్ది రూపాయల ఖర్చుతో అయ్యే ఈ పనిని మీ విద్యార్థులు తమ కట్టడం మీద రెండేళ్లపాటు చేయాలి.

అర్చకులతో మాట్లాడేటప్పుడు ముందు అడగవలసింది "మీకు ఏం ఇబ్బందిగా ఉంది?" అని. వాన కురిస్తే ఎక్కడ కారుతుంది, ఏ రాయి మీద కాలు జారుతుంది, దీపపు మసి ఎక్కడ పేరుకుంటుంది అన్నది వారికి తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. గర్భగుడిని లోపలికి వెళ్లి కొలవడానికి వీలు లేదంటే కొలవకండి. ఆ కొలతలను అర్చకులనే తీసి ఇవ్వమని అడిగి, నక్షా మీద ఆ సంగతి రాయండి.

చట్టం

ఈ భాగాన్ని ఒక న్యాయవాది చేత చెప్పించి త్వరగా ముగించవచ్చు గాని మూడు సంగతులు మాత్రం విద్యార్థులకు మొదటి వారంలోనే తెలియాలి. కేంద్ర సంరక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం; 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ దీన్ని ఖాయం చేసింది. రెండవది, లైసెన్సు లేకుండా తవ్వకం అనే మాటే లేదు. మూడవది, పొలంలో నాణేలో, విగ్రహమో దొరికితే విభాగానికి తేకూడదు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువ ఉన్న ఏ నిధి దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. దొరికిన చోటును, లోతును రాసుకుని, ఫొటో తీసి, తహసీల్దారుకు, పురావస్తు శాఖకు చెప్పడమే మన పని.

ఆ 100 మీటర్ల లోపల మనుషులు ఉన్నారని మరచిపోవద్దు. గుడిమల్లం వంటి ఊరి నక్షా మీద ఆ వలయాలను గీయించి, లోపల ఉన్న ఇళ్లకు విద్యార్థులను పంపి, ఇంటి మీద గది వేసుకోవడానికి, మరుగుదొడ్డి కట్టుకోవడానికి ఏ అనుమతి కావాలో ఆ కుటుంబాలకు వివరించమనండి. దరఖాస్తు రాయడంలో సహాయం చేయమనండి. కట్టడం తమకు అడ్డమని కాకుండా తమదని ఊరు అనుకోవాలంటే ఈ పని ఉపన్యాసాలకన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

విద్యార్థులు, డబ్బు

చరిత్ర, సంస్కృతం, సివిల్ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, రసాయనశాస్త్రం, లలితకళలు చదివినవారిని కలిపి తీసుకోండి. ఇరవైమందికి మించకుండా చూసుకోండి, ఎందుకంటే ఒక చిన్న గుడి చుట్టూ అంతకన్నా ఎక్కువమంది పనిచేయలేరు. ప్రవేశ సమయంలోనే నిజం చెప్పండి. ఎం.ఏ. పట్టాతో ఎవరూ ఆర్కిటెక్టు కాలేరు. 1972 చట్టం ప్రకారం ఆ హోదాకు ఆర్కిటెక్చర్ మండలిలో నమోదు కావాలి. పురావస్తు శాఖలు, మ్యూజియంలు, దేవస్థానాలు, పరిరక్షణ కన్సల్టెన్సీలు, రికార్డు పని అప్పగించే ప్రాజెక్టులు, ఇవి మన విద్యార్థుల దారులు. శాసనం చదవగలిగి, నక్షా గీయగలిగి, సున్నం కలపగలిగిన మనిషి వీటిలో ఎక్కడికి వెళ్లినా నిలబడతాడు. ఈ మూడూ రాని పట్టభద్రుణ్ణి పంపితే ఆ తరువాతి బ్యాచ్‌లకు కూడా తలుపులు మూసుకుంటాయి.

బడ్జెట్‌లో ప్రయాణ ఖర్చులను ప్రత్యేక పద్దుగా ముందే పెట్టించండి. క్షేత్రపర్యటన సొమ్ము విద్యార్థుల జేబు నుంచి రాకూడదు. పల్లెలో రాత్రి ఉండవలసి వస్తే ఆడపిల్లల బసను, మరుగుదొడ్డిని మీరు స్వయంగా వెళ్లి చూసి రండి. ఏప్రిల్, మే నెలల ఎండలో రాతి మీద పని పెట్టకండి. నవంబరులో వానలు పడతాయి. డిసెంబరు నుంచి మార్చి మొదటి వారం దాకా మనకు అనువైన కాలం, అకడమిక్ క్యాలెండరును దానికి తగినట్టు మార్చమని రిజిస్ట్రారును అడగడానికి సంకోచించవద్దు.

రికార్డు

రెండేళ్ల చివర ఒక్కో విద్యార్థి విడివిడిగా రాసే సిద్ధాంత వ్యాసం కన్నా, బ్యాచ్ అంతా కలిసి తయారుచేసే కట్టడపు రికార్డుకు ఎక్కువ మార్కులు కేటాయించండి. అందులో నక్షాలు, శాసన పాఠం, దాని తెలుగు తాత్పర్యం, సామగ్రి పరీక్షల ఫలితాలు, పగుళ్ల పట్టిక, ఊరివాళ్లు చెప్పిన జ్ఞాపకాలు, చేయదగిన మరమ్మతులు, చేయకూడని మరమ్మతులు ఉండాలి. ప్రతి నక్షా మీద కొలిచినవారి పేర్లు, తేదీ ఉండాలి. ఎక్కడ ఊహించి గీశారో అక్కడ చుక్కల గీత వాడాలి. తెలియనిదాన్ని తెలిసినట్టు పూరించిన గీత ఒక్కటి దొరికినా ఆ పుటను వెనక్కి పంపండి.

దీనికి మూడు ప్రతులు తీయండి. ఒకటి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి, ఒకటి పురావస్తు శాఖకు, ఒకటి ఆ ఊరికి. ఊరికి ఇచ్చే ప్రతి తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. దాన్ని గుడి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి, శాసనం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వినిపించి అప్పగించాలి. మా రెండో బ్యాచ్ అలా చదివిన రోజున, తమ ఊరి పాత పేరు రాతిలో ఉందని విని ఒక ముసలమ్మ లేచి వచ్చి ఆ పేరున్న చోటు చూపించమంది. మా విద్యార్థినుల్లో ఒకతె ఆమె వేలు పట్టుకుని అక్షరం మీద అక్షరంగా నడిపించింది. మరుసటి ఏడాది ఆ గుడి నేలకు బండలు పరిపించే పని మొదలైనప్పుడు, రాళ్లు దించకముందే ఊరివాళ్లు మా విభాగానికి ఫోను చేశారు.

కోర్సు ముగిసినా ఆ కట్టడాన్ని వదలకండి. మొదటి రోజు ఫొటోలు తీసిన చోట నాలుగు గుర్తులు పెట్టి వాటిని నక్షా మీద చూపండి. ఆ తరువాత ఏటా జనవరిలో, అదే ఉదయపు వేళకు, కొత్తగా చేరిన బ్యాచ్ ఆ నాలుగు చోట్లా నిలబడి అవే ఫొటోలు తీసి, గాజు పలకలను పరిశీలించి, పాత రికార్డుకు ఒక పుట చేర్చి రావాలి.